పాత కారు ప్రాణం 653 రూపాయలు

వైజాగ్‌లో కొత్త కారు షోరూమ్ నుంచి నేరుగా ఇంటికి రాదు. ముందు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్తుంది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, ముందు గ్రిల్‌కి బంతిపూల దండ. ఆ రోజు బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటుంది. ఎవరూ చదవరు. చదవకపోయినా అప్పటికి పెద్ద నష్టం లేదు. పన్నెండు పదిహేనేళ్లు గడిచాక అదే కారు దసరాకి గుమ్మడికాయ కొట్టించుకుంటుంది గానీ, రెన్యూవల్ రోజు ఏజెంట్ ఫోన్ చేసి "పాత బండే కదండీ, థర్డ్ పార్టీ చాలు" అంటాడు. మనమూ సరే అనేస్తాం. రెండు మూడు వేలు మిగిలాయన్న సంతోషం ఆ సాయంత్రానికే ఖర్చయిపోతుంది.

నా పేచీ ఆ "చాలు" అన్న మాటతోనే. బాగా చూసుకున్న పాత కారు లారీ వెనక దూరి నుజ్జయితే అందరూ లారీని తిడతారు, తర్వాత కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్‌ని, తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీని. తిట్టడానికి కారణాలు ఉండొచ్చు. కానీ ఆ బండి మళ్లీ రోడ్డెక్కుతుందా, తూకానికి పోతుందా అన్నది చాలాసార్లు అంతకు కొన్ని నెలల ముందే తేలిపోయి ఉంటుంది. పాలసీ కాగితం మీద ఐడీవీ అని ఒక గడి ఉంటుంది. దానిలో మనం చూడకుండా ఒప్పుకున్న అంకె తేల్చేసి ఉంటుంది.

కారు పూర్తిగా పోతే కంపెనీ ఏ విలువ లెక్కన డబ్బిస్తుందో ఆ విలువే ఐడీవీ. పాలసీ నడిచే ఏడాదంతా అదే కారు ధర కింద లెక్క, మధ్యలో మళ్లీ తరుగు తియ్యరు. కొత్త బండ్లకు దీన్ని తేల్చే పట్టిక ఒకటి ఉంది. ఆరు నెలల్లోపు బండికి షోరూమ్ ధరలో 5 శాతం తరుగు, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. అక్కడితో పట్టిక అయిపోతుంది. ఐదేళ్లు దాటిన బండికీ, తయారీ ఆగిపోయిన మోడల్‌కీ ఐడీవీ ఎంతన్నది కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఇది ఎవరి దయా కాదు, పాలసీలో ఉన్న నియమమే. అయినా మాట్లాడేవాళ్లు ఎంతమంది? ఫోన్ స్క్రీన్ మీద నిరుటి కంటే కొంచెం తక్కువ అంకె ఒకటి కనిపిస్తుంది. తక్కువ ఐడీవీకి ప్రీమియం తక్కువ కాబట్టి మనకూ అదే ముద్దుగా అనిపిస్తుంది. ఒక నొక్కు నొక్కేసి మరిచిపోతాం.

మారుతి 800నే తీసుకుందాం. 1983 డిసెంబర్‌లో వచ్చి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి. 2010 ఏప్రిల్‌లో బండి పొగకి హద్దు పెట్టే బీఎస్-4 నిబంధన ముందుగా 13 నగరాల్లో అమల్లోకి వచ్చింది. ఆ జాబితాలో హైదరాబాద్ ఉంది, వైజాగ్ లేదు. అందుకే హైదరాబాద్‌లో కొత్త 800 అమ్మకం ఆగిపోయాక కూడా ఇక్కడ ఏపీ 31 నంబర్లతో రోడ్డెక్కుతూనే ఉన్నాయి. పెదవాల్తేరు, సీతమ్మధార సందుల్లో కవర్ కప్పుకుని కనిపించే 800ల్లో అలాంటి చివరి కాన్పు బండ్లు కొన్ని ఉంటాయి. అటువంటి పన్నెండేళ్ల బండి ఒకటి ముందువైపు గట్టిగా గుద్దుకుందనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. బానెట్, రెండు ఫెండర్లు, రేడియేటర్ సపోర్ట్ లాంటి రేకు సామాను 20,000. బంపర్, గ్రిల్ లాంటి ప్లాస్టిక్ 8,000. అద్దం 5,000. టింకరింగ్, ఫిట్టింగ్ కూలి 15,000. పెయింటింగ్ 16,000. మొత్తం 64,000 బిల్లు.

ఇందులో కంపెనీ ఎంత ఇస్తుంది? పదేళ్లు దాటిన బండికి రేకు సామాను మీద 50 శాతం తరుగు, కాబట్టి 10,000. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీలకి వయసుతో పని లేదు, ఎప్పుడైనా 50 శాతమే, కాబట్టి 4,000. అద్దానికి తరుగు లేదు, 5,000 పూర్తిగా వస్తుంది. కూలి పూర్తిగా 15,000. పెయింటింగ్ బిల్లు కలిపి వేస్తే అందులో పావు వంతు రంగు ఖరీదు అనుకుని, ఆ పావులో సగం కోస్తారు. 16,000లో రంగు 4,000, అందులో 2,000 పోతే 14,000. అన్నీ కలిపితే 48,000. పదిహేను వందల సీసీ లోపు కారుకి తప్పనిసరిగా కోసే 1,000 కూడా తీస్తే చేతికొచ్చేది 47,000. మన జేబులోంచి 17,000. జీరో డిప్ అనే అదనపు కవర్ తీసుకుంటే ఈ తరుగు కోత ఉండదు గానీ, దాన్ని మామూలుగా ఐదేళ్లు దాటిన బండికి ఇవ్వరు.

అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. బండిని తరలించే ఖర్చూ రిపేర్ ఖర్చూ కలిపి, పాలసీ షరతుల ప్రకారం, ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద, అంటే బండి పూర్తిగా పోయినట్టే చూస్తారు. ఈ కారు ఐడీవీ 80,000 అయితే 75 శాతం అంటే 60,000. మన 48,000 ఆ గీతకి బాగా కిందే ఉంది. కారు షెడ్డుకి పోతుంది, రిపేరై వస్తుంది. అదే ఐడీవీ 60,000 అయితే గీత 45,000 దగ్గర ఉంటుంది. 48,000 దాన్ని దాటేసింది. అదే కారు, అవే దెబ్బలు, అదే సర్వేయర్. కానీ ఇప్పుడు ఫైలు మీద టోటల్ లాస్ అని రాస్తారు.

ఈ 20,000 ఐడీవీ తేడాకి ప్రీమియంలో తేడా ఎంత? పాత టారిఫ్‌లో, అంటే ప్రీమియం రేట్ల పట్టికలో, వైజాగ్ జోన్ బీ కింద వస్తుంది. వెయ్యి సీసీ లోపు, పదేళ్లు దాటిన కారుకి సొంత నష్టం రేటు, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టేది, ఐడీవీలో 3.267 శాతం. అంటే 20,000 మీద 653 రూపాయలు, జీఎస్టీ అదనం. 2007 నుంచి కంపెనీలు ఈ రేటు మీద తమ ఇష్టం కొద్దీ డిస్కౌంట్లు ఇస్తున్నాయి, క్లెయిమ్ చెయ్యని ఏడాదులకి ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, ఉంటే ఇంకా తగ్గుతుంది, కాబట్టి అసలు తేడా ఇంతకన్నా తక్కువే ఉండొచ్చు. ఒక్కసారి కారు ఫుల్ సర్వీసింగ్‌కి అయ్యే దాంట్లో చిన్న ముక్క.

టోటల్ లాస్ అయితే మాత్రం మునిగిపోయిందేముంది, 60,000లో ఆ తప్పనిసరి 1,000 పోను 59,000 వస్తాయి కదా అనొచ్చు. వస్తాయి, కారు కంపెనీకి పోతుంది. కారు నాకే కావాలి అంటే, నుజ్జయిన బండి ధర కట్టి దాన్ని 59,000లోంచి తీసేస్తారు. ఆ ధర 20,000 అని తేలిస్తే చేతికి 39,000. బాగు చేయించడానికి కావాల్సింది 64,000. అంటే మన జేబు నుంచి 25,000. ఐడీవీ 80,000 ఉన్నప్పుడు 17,000తో అయ్యే పని ఇది. పైగా ఒకసారి టోటల్ లాస్ రాసిన బండికి మరుసటి ఏడాది ఫుల్ పాలసీ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి. కొన్ని ఆర్సీ రద్దు చేయించి తెస్తేనే డబ్బు ఇస్తామంటాయి. ఈ సంగతి సంతకం పెట్టాక తెలిస్తే లాభం లేదు. సర్వేయర్ 75 శాతాన్ని మొత్తం బిల్లుతో పోలుస్తున్నాడా, తరుగు తీసిన మొత్తంతో పోలుస్తున్నాడా అని మెయిల్‌లో అడగండి. పాలసీలో "షరతులకు లోబడి" అన్న మాట ఉంది కాబట్టి తరుగు తీసిన అంకెతోనే పోల్చాలని వాదించడానికి మీకు ఆధారం ఉంటుంది.

ఐడీవీని ఇష్టమొచ్చినట్టు పెంచుకోవచ్చని కాదు. కంపెనీ వైపు నుంచి కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉంటాయి. పై హద్దు దాటాలంటే బండి చూపించాలి, కాగితాలు చూపించాలి. ఇంజిన్ బోరింగ్ బిల్లు, కొత్త సస్పెన్షన్ బిల్లు, పెయింటింగ్ బిల్లు, టైర్ల బిల్లు, తేదీ కనిపించేలా తీసిన ఫోటోలు. షెడ్డులో పని చేయించినప్పుడు "బిల్లెందుకు సార్, జీఎస్టీ దండగ" అంటే తలూపేస్తాం. ఆ బిల్లు లేకపోతే మీరు ఆ బండి మీద పోసిన లక్షన్నర ఎక్కడా ఉండదు. లైసెన్సు ఉన్న వాల్యుయర్ చేత రిపోర్టు రాయించి పెట్టుకుంటే ఇంకా మంచిది.

వింటేజ్ అని పేరు పెట్టేస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికే ఆ హోదా. కొత్తగా నమోదుకి ఫీజు 20,000, చెల్లుబాటు పదేళ్లు. మారుతి 800ల్లో మొట్టమొదటి దానికి కూడా 2033 డిసెంబర్ దాకా ఆ అర్హత రాదు. పద్మినీలు, అంబాసిడర్లలో కొన్నిటికి వచ్చింది. మిగతావాళ్లం ఐడీవీ గడి దగ్గర బేరమాడుకోవాల్సిందే.

ఇప్పుడు "థర్డ్ పార్టీ చాలు" సంగతి. ఆ పాలసీ ఎదుటివాడి కోసం. మీ బండికి అందులో పైసా లేదు. తప్పు లారీదే అయితే లారీ ఇన్సూరెన్స్ నుంచి రాబట్టుకోవచ్చు కదా అంటారు. రాబట్టుకోవచ్చు. దానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వెయ్యాలి. ఎఫ్ఐఆర్ కావాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కావాలి, లారీ నంబరు, దాని పాలసీ వివరాలు కావాలి, రిపేర్ అంచనా, ఫోటోలు కావాలి. ఆరు నెలల్లోపు వెయ్యడం మంచిది, 2019 సవరణ ఆ గడువు పెట్టింది. తర్వాత వాయిదాలు. ఈలోపు బండి ఎక్కడుంటుంది? ఏ షెడ్డు వెనకో, అద్దాలు లేకుండా, వానలో. ఇక గుద్దింది గేదె అయితే, డివైడర్ అయితే, నంబరు చూడనివ్వకుండా పారిపోయిన బండి అయితే వెళ్లడానికి ఆ ట్రిబ్యునల్ కూడా లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో చెట్లు విరిగి ఎన్ని కార్ల మీద పడ్డాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. గాలికి థర్డ్ పార్టీ పాలసీ ఉండదు.

ఒక్క చోట మాత్రం క్లెయిమ్ చెయ్యకపోవడమే తెలివి. ఇన్నేళ్లూ ఫుల్ పాలసీ కట్టి, క్లెయిమ్ లేక బోనస్ 50 శాతానికి చేరిందనుకోండి. ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. కారు పోయినా, అమ్మినా, కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. క్లెయిమ్ చేస్తే అది సున్నాకి పడుతుంది. తర్వాత ఏడాది 20, ఆపైన 25, 35, 45, 50. అంటే ఐదేళ్లలో వరసగా 50, 30, 25, 15, 5 శాతాలు పోగొట్టుకుంటారు. కలిపితే 125 శాతం. కొత్త కారు సొంత నష్టం ప్రీమియం ఏటా 20,000 ఉంటే పోయేది 25,000. ఐడీవీని 30,000కి జారవిడిచిన కారు టోటల్ లాస్ అయి, శిథిలాన్ని మీరే ఉంచుకుంటే చేతికి పది పన్నెండు వేలు వస్తాయి. దానికోసం పాతిక వేలు వదులుకోవడం ఏం లెక్క? ఈ లెక్క వేసుకోకుండానే చాలామంది క్లెయిమ్ ఫారం నింపేస్తారు.

ఇంతవరకు డబ్బు. ఐడీవీ సరిగ్గా ఉండి, కంపెనీ రిపేర్‌కి ఒప్పుకున్నా, కొన్ని బండ్లని వదిలెయ్యాలి. ఈ మాట బండిని ప్రేమించేవాళ్లకి చెప్పడం కష్టం. షెడ్డులో ఎప్పుడూ "ఏం ఫర్లేదన్నా, లాగేద్దాం" అనేవాడు ఒకడు ఉంటాడు. రేకు లాగొచ్చు. అస్థిపంజరాన్ని లాగేటప్పుడు మాత్రం కొలిచి లాగాలి.

మారుతి 800, పద్మిని, శాంత్రో, ఇండికా, చివరికి అంబాసిడర్ కూడా, వీటికి జీపుకి ఉన్నట్టు విడి చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. ముందు రెండు పక్కలా పొడుగ్గా ఉండే సైడ్ మెంబర్లు, స్ట్రట్ టవర్లు, ఫైర్‌వాల్, రన్నింగ్ బోర్డులు, పిల్లర్లు, ఫ్లోర్, ఇవన్నీ చుక్క చుక్కగా వేసిన స్పాట్ వెల్డింగ్‌తో ఒకటై నిలబడతాయి. దెబ్బ ముందు తగిలినా అది ఈ దారుల్లో వెనక్కి పాకుతుంది. కాబట్టి నుజ్జయిన చోటు కన్నా నుజ్జవ్వని చోటు ఎక్కువ చెబుతుంది.

వెనక డోర్లు తెరిచి మూసి చూడండి. ముందు గుద్దిన బండికి వెనక డోర్ గ్యాప్ పైన సన్నగా, కింద వెడల్పుగా అయిందంటే మధ్యలో ఎక్కడో వంగింది. మధ్య పిల్లర్‌కి పైన, టాప్ మీద, వెలుగు ఏటవాలుగా పడేలా చూస్తే చిన్న ముడత కనిపించొచ్చు, అరచేతితో రాస్తే తెలుస్తుంది. ముందు సీట్ల కింద మ్యాట్ లేపి ఫ్లోర్ చూడండి. రేకు అలలా లేచి, రంగు పొలుసులూడి ఉంటే అది దెబ్బ పాకిన చోటు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంట కూడా చూడాలి.

తర్వాత టేపు. స్టీరింగ్ నిటారుగా పెట్టి, కుడి పక్క ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలవండి, తర్వాత ఎడమ పక్క. 800కి ఇది 2,175 మిల్లీమీటర్లు. పద్మినికి 2,340. రెండు పక్కలకీ నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉంటే అనుమానం, సెంటీమీటర్ దాటితే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వంగి ఉండాలి, లేదా బాడీయే వంగి ఉండాలి. ఆర్మ్ వంగితే మారిస్తే పోతుంది. బాడీ సంగతి తేల్చడానికి మేస్త్రి గోడ కట్టేటప్పుడు వేలాడదీసే తూకం గుండు చాలు. బండి కింద కుడి ఎడమల్లో ఒకే చోట ఉండే ఫ్యాక్టరీ రంధ్రాలు ముందు రెండు, వెనక రెండు ఎంచుకుని, ఒక్కోదాన్నించీ గుండు వేలాడదీసి, అది చూపించిన చోట సిమెంటు నేల మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టాలి. బండిని తోసేసి నాలుగు గుర్తుల మధ్య అడ్డంగా, ఐమూలగా కొలవాలి. రెండు ఐమూలలూ సమానంగా ఉండాలి. మూడు మిల్లీమీటర్ల దాకా తేడా సహజం. అంతకు మించితే బాడీని కొలతల ప్రకారం సరిచేసే బెంచి మీద బిగించి లాగాల్సిందే. గాజువాక ఆటోనగర్ లాంటి చోట బెంచి ఉన్న షెడ్డుకే వెళ్లండి. చెట్టుకో స్తంభానికో గొలుసు కట్టి లాగేచోట దించకండి.

నా లెక్కలో ఐమూల తేడాకి తోడు టాప్ మీద ముడత, ఫ్లోర్‌లో అల రెండూ కనిపిస్తే ఆ బండి కథ అయిపోయింది. పిల్లర్ వంగినా అంతే. పిల్లర్‌ని గ్యాస్‌తో ఎర్రగా కాల్చి సరిచేస్తే చూడ్డానికి నిటారుగానే ఉంటుంది, డోరు కూడా టక్కున పడుతుంది. కాల్చిన చోట రేకు గుణం మారిపోయి ఉంటుంది. మళ్లీ దెబ్బ తగిలితే ముందు అక్కడే మడుస్తుంది. దాని మీద పుట్టీ, రంగు వేశాక ఎవరికీ తెలియదు. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం తీసుకుని ప్యానెల్ మీద నడిపించండి, అంటుకోకుండా జారిపోయిన చోట పుట్టీ దుప్పటిలా ఉందని అర్థం.

వైజాగ్ బండికి దీనికి తోడు ఇంకో జబ్బు ఉంది. ఉప్పుగాలి. ఎంవీపీ కాలనీలో ఉన్నా, మల్కాపురంలో ఉన్నా, భీమిలి దారిలో ఉన్నా సముద్రం దూరం కాదు. తుప్పు బయటి నుంచి కాదు, లోపలి నుంచి తింటుంది. రన్నింగ్ బోర్డు లోపల ఖాళీ. నీళ్లు కారిపోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడిపోతే ఉప్పు తేమ లోపలే నిలబడుతుంది. పై రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో ముందు నుంచి వెనక దాకా రన్నింగ్ బోర్డుని తడుతూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట అట్టపెట్టె మీద కొట్టినట్టు మెత్తగా వినిపిస్తుంది, ఒక్కోసారి లోపల పొరలు రాలిన చప్పుడు కూడా. ఇలాంటి బండికి పక్క నుంచి దెబ్బ తగిలితే స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటిగా కాదు, లంగా కుట్టు విప్పినట్టు వరసగా ఊడిపోతాయి. తుప్పు పట్టాక దాని మీద తారు లాంటి అండర్ కోటింగ్ కొట్టించడం పుండు మీద బట్ట చుట్టడమే, తేమ లోపలే ఉండిపోతుంది. ముందు రంధ్రాలు పొడిచి, కడిగి, ఆరబెట్టి, తుప్పు గీకి, ఆ తర్వాత కోటింగ్. ఇది వానాకాలం మొదలయ్యే ముందు ఏటా చెయ్యాల్సిన పని. సర్వేయర్ తుప్పు పట్టిన ముక్కని "ముందే పోయిన సామాను" అని బిల్లులోంచి తీసేస్తే అడగడానికి నోరుండదు కూడా.

ఇంకోటి, సీటు బెల్టు. గుద్దినప్పుడు మనిషిని ఆపిన బెల్టు మళ్లీ పనికిరాదు. పూర్తిగా బయటికి లాగి వెలుతురులో చూస్తే నేత అలలు తిరిగి ఉంటుంది, పై గైడ్ దగ్గర ప్లాస్టిక్ కరిగి రుద్దుకున్న మెరుపు గీత కనిపిస్తుంది. వదిలితే మందకొడిగా చుట్టుకుంటుంది. బానెట్‌కి పదివేలు పెట్టేవాళ్లు కూడా దీన్ని మార్చరు. పాత 800లో ఎయిర్‌బ్యాగులు లేవు. కార్లకి ముందు గుద్దుడు పరీక్ష తప్పనిసరి అయింది కొత్త మోడళ్లకి 2017 అక్టోబర్‌లో, అన్నిటికీ 2019 అక్టోబర్‌లో. అంటే ఆ బండిలో మిమ్మల్ని కాపాడేది ఆ రేకూ ఆ బెల్టూ, అంతే. ఈ ఊళ్లో జాతీయ రహదారి 16 ఊరి మధ్య నుంచే పోతుంది. గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ. కంటైనర్లు, స్టీల్ కాయిల్స్ వేసుకున్న ట్రైలర్ల మధ్య నడవాలి. లారీ వెనక గార్డు లేకపోయినా, వంగి ఉన్నా, కారు బానెట్ దాని కిందికి దూరిపోతుంది. ముందు భాగం నలగకముందే దెబ్బ అద్దానికీ పిల్లర్‌కీ తగులుతుంది. ఒకసారి పిల్లర్ సరిచేయించిన బండిని ఆదివారం బీచ్ రోడ్డు మీద తిప్పుకుంటామన్నా నేను ఒప్పుకోను. అక్కడికి వెళ్లడానికైనా ఏదో ఒక జంక్షన్ దాటాలి కదా.

ప్రమాదం జరిగిన గంటలో చేసే పొరపాట్లు కూడా బండిని చంపుతాయి. ముందు మనుషులు, 108కి ఫోన్, అందులో వాదనకి తావు లేదు. హైవే మీద 1033 కూడా పనిచేస్తుంది. తర్వాత బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పెయ్యండి. ఇంజిన్ స్టార్ట్ అవుతుందో లేదో చూద్దామని తాళం తిప్పకండి. రేడియేటర్ వెనక్కి జరిగి ఫ్యాన్‌కి తగులుతూ ఉండొచ్చు, ఆయిల్ సంప్ పగిలి ఉండొచ్చు. ఆయిల్ లేకుండా ఒక్క నిమిషం తిరిగినా బేరింగులు పోతాయి, ఆ నష్టాన్ని కంపెనీ ప్రమాదం కింద ఒప్పుకోదు. బండి కదలకముందే ఫోటోలు తీయండి. నాలుగు మూలలు, రెండు నంబరు ప్లేట్లు, మీటర్ రీడింగ్, టైరు గీతలు, ఎదుటి బండి. క్రేన్ వాడు తనకి తెలిసిన షెడ్డుకి తీసుకెళ్తానంటే వద్దనండి. దగ్గర్లోని రిపేరర్ దగ్గరికి చేర్చడానికి మామూలు పాలసీ ఇచ్చేది 1,500 రూపాయలే, ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి రెండోసారి లాగించిన ఖర్చు మీదే. కంపెనీకి అదే రోజు కబురు పెట్టండి. సర్వేయర్ చూడకుండా ఒక్క బోల్టు విప్పనివ్వకండి.

మనుషులకి దెబ్బలు తగిలి కేసైతే బండి స్టేషన్ ఆవరణకి చేరుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి రిపోర్టు ఇచ్చాక దాన్ని ఊరికే అక్కడ ఉంచక్కర్లేదు. మధ్యంతర కస్టడీ కోసం మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వెయ్యొచ్చు, 2024 జులై నుంచి ఇది కొత్త నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ కింద. పట్టుకున్న వాహనాల్ని స్టేషన్లలో నెలల తరబడి కుళ్లబెట్టొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. పగిలిన అద్దంలోంచి ఒక్క వానాకాలం నీళ్లు లోపలికి పోతే, బాగయ్యే బండి కూడా బాగవ్వని బండి అవుతుంది.

వదిలెయ్యాలని తేలాక కూడా పని మిగిలే ఉంటుంది. తూకానికి కొనేవాడు డబ్బు చేతిలో పెట్టి, సి-బుక్కు, అదే ఆర్సీ, కూడా ఇచ్చెయ్యండి సార్ అంటాడు. ఇవ్వకండి. మీ సి-బుక్కు, మీ చాసిస్ నంబరు ఉన్న రేకు ముక్క, ఈ రెండూ దొరికితే ఎక్కడో దొంగిలించిన అదే రంగు బండికి కొత్త పుట్టుక ఇవ్వొచ్చు. అది ఏదైనా చేస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి పూర్తిగా పాడైపోతే 14 రోజుల్లోపు, లేదా వీలైనంత త్వరగా, రవాణా కార్యాలయానికి రాసిచ్చి ఆర్సీ అప్పగించాలి. లోన్ ఉంటే ముందు దాన్ని తీర్చి, ఆర్సీలో అప్పు ఇచ్చినవాళ్ల పేరున ఉండే హైపోథికేషన్ కొట్టేయించాలి. 2021 నిబంధనల కింద రిజిస్టర్ అయిన స్క్రాపింగ్ కేంద్రానికే ఇస్తే వాళ్లు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త కారు కొన్నప్పుడు రాష్ట్రం ఇచ్చే మేరకు పన్నులో 25 శాతం దాకా రాయితీకి అది పనికొస్తుంది.

అప్పగించే ముందు ఫాస్టాగ్ గీకి తీసి బ్యాంకుకి చెప్పి మూయించండి. స్టెప్నీ, జాకీ, టూల్ కిట్, డాష్‌బోర్డు మీది వినాయకుడు. గేర్ నాబ్ విప్పుకోవాలనిపిస్తే విప్పుకోండి, 800కి అది చేత్తో తిప్పితేనే వస్తుంది. నంబరు ప్లేటు మాత్రం గోడకి తగిలించుకుందామని తెచ్చుకోకండి, అది ఆర్సీతో పాటు పోవాల్సిందే. రవాణా కార్యాలయం ఇచ్చిన రద్దు రసీదుని రెండు కాపీలు తీయించి, ఒకటి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపండి. రెండోది, నో క్లెయిమ్ సర్టిఫికెట్ ఉంటే దానితో కలిపి, కొత్త కారు ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకోండి.